బోరు మోటరు ఏ టైమ్‌కు నడవాలి? యాదాద్రి, సోలార్, యురేనియం వాదనల మీద ఒక రిటైర్డ్ ఇంజనీర్ జవాబు

కల్వకుర్తి వైపు నుంచి డిగ్రీ చదివే ఒక తమ్ముడు అడిగాడు: "దామరచర్లలో నాలుగు వేల మెగావాట్ల బొగ్గు ప్లాంటు కట్టుకున్నాం. ఇప్పుడేమో అందరూ సోలార్ అంటున్నారు. మధ్యలో నల్లమల యురేనియం మాట వస్తోంది. మన ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాలకు ఏది మంచిది? ఉచిత కరెంటుకు మీటర్లు పెట్టాలా? మా నాన్నకు ఉన్న ఐదెకరాల రాళ్ల చెలకను ఒక సోలార్ కంపెనీ కిరాయికి అడుగుతోంది, ఇవ్వొచ్చా?"

తమ్ముడూ, ముందు నా సంగతి చెప్తాను, ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నానో నీకు తెలియాలి కదా. కరెంటు పంపిణీ సంస్థలో అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ)గా చేరి డివిజనల్ ఇంజనీరు (డీఈ)గా రిటైరయ్యాను. ఉద్యోగమంతా వనపర్తి, దేవరకొండ, మిర్యాలగూడ సబ్‌స్టేషన్ల చుట్టూనే గడిచింది. ఏ పార్టీతోనూ సంబంధం లేదు. అందుకని అన్ని పార్టీల వాళ్లకూ నా మాటల్లో ఏదో ఒకటి నచ్చదు.

థర్మలా, సోలారా, అణువా అని టీవీల్లో జరిగే వాదన సగం వృథా. యూనిట్ ఎక్కడి నుంచి వస్తుందన్నది ఎంత ముఖ్యమో, ఏ గంటకు కావాలన్నదీ అంతే ముఖ్యం. ఈ రోజుల్లో మధ్యాహ్నం పన్నెండు గంటల యూనిట్, సాయంత్రం ఏడు గంటల యూనిట్ ఒకే సరుకు కాదు. కరెంటు కొనే, అమ్మే మార్కెట్ అయిన పవర్ ఎక్స్ఛేంజీలో ఎండ బాగా కాసే రోజున మధ్యాహ్నం యూనిట్ రెండు మూడు రూపాయలకు దొరుకుతుంది. పొద్దుగూకాక అదే యూనిట్ చాలా రోజుల్లో పది రూపాయల గరిష్ఠ పరిమితిని తాకుతుంది. ఈ తేడాను వాడుకోగలిగిన లోడ్ మన రెండు జిల్లాల్లో బాగా ఉంది. అది బోరు మోటరు. ఆస్పత్రిని, మిల్లును మధ్యాహ్నమే నడపమని చెప్పలేం. వరి మడికి మాత్రం నీళ్లు పగలు పారినా ఒకటే, రాత్రి పారినా ఒకటే.

రాష్ట్రంలో కరెంటు వాడకం రికార్డులు ఏ నెలలో బద్దలవుతున్నాయో గమనించావా? 2025లో గరిష్ఠ డిమాండ్ 17,162 మెగావాట్లకు పోయింది మార్చి 20న. ఏసీలు, కూలర్లు అసలు జోరు అందుకునేది ఏప్రిల్, మే నెలల్లో. మార్చి అంటే యాసంగి వరి పొట్టకొచ్చి చివరి తడుల కోసం చూసే కాలం. అంటే డిమాండ్‌ను ఆ గరిష్ఠానికి ఎక్కించేది హైదరాబాద్ ఒక్కటే కాదు, మన బోర్లు కూడా.

2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. అంతకుముందు గ్రూపుల వారీగా కొన్ని గంటలు పగలు, కొన్ని గంటలు రాత్రి త్రీ ఫేజ్ ఇచ్చేవాళ్లం. రాత్రి మోటరు పెట్టడానికి పోయి పాము కరిచి, స్టార్టర్ డబ్బా ముట్టుకుని షాక్ కొట్టి పోయిన రైతులు మన దగ్గర ఊరూరా ఉన్నారు. ఆ బాధ చూసినవాణ్ని కాబట్టి 24 గంటలు ఇచ్చినప్పుడు సంతోషించాను. పగలు తొమ్మిది గంటలు నిక్కచ్చిగా, వోల్టేజీ పడిపోకుండా ఇచ్చి ఉంటే రాత్రి సప్లై అడిగేవాళ్లే ఉండేవారు కాదన్నది మాత్రం అప్పుడూ నా మాటే, ఇప్పుడూ నా మాటే. అప్పట్లో పగలు అంత లోడ్ మోసే కరెంటు లేదు. ఇప్పుడు ఎండ ఉన్నంతసేపూ ఉంది.

24 గంటలిస్తే బోరు 24 గంటలు పోయదు. మన కింద ఉన్నది గ్రానైట్. కోస్తాలో లాగా ఇసుక పొరల్లో నీళ్లు నిండి ఉండవు, రాతి పగుళ్లలో ఉన్నంతే ఉంటాయి. కొన్ని గంటలు తోడితే అయిపోతాయి, మళ్లీ ఊరడానికి టైమ్ కావాలి. ఆటో స్టార్టర్ పెట్టి వదిలేస్తే మోటరు ఉత్తిగానే తిరిగి వైండింగ్ కాలుతుంది. ఇంకో తిప్పలు ఏందంటే, కరెంటు పోయి వచ్చిన క్షణంలో ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు వచ్చే లైన్) మీదున్న ఆటో స్టార్టర్లన్నీ ఒక్కసారే మోటర్లను లేపుతాయి. స్టార్టింగ్ కరెంటు మామూలు కంటే ఐదారు రెట్లు. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఐదు హెచ్‌పీ మోటర్లను ఐదింటిని మోస్తుంది. దాని కింద ఎనిమిది ఉంటే ఏమవుతుందో నీ ఊళ్లో ట్రాక్టర్ మీద రిపేర్ షెడ్డుకు పోయే ట్రాన్స్‌ఫార్మర్లను చూస్తే తెలుస్తుంది. లైన్ మీద భారం తగ్గించే కెపాసిటర్‌ను మోటరుకు బిగించమని ఊరూరా తిరిగి చెప్పాం. బిగించుకున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. బిల్లే లేనప్పుడు ఎవరికి పట్టింది?

బోరు లోతు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు ఫ్లోరైడ్ అంటే ఏమిటో నీకు ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడి గ్రానైట్‌లోనే ఫ్లోరైడ్ ఖనిజాలు ఎక్కువ. నీరు రాతిలో ఎంతకాలం నానితే అంత ఫ్లోరైడ్ దిగుతుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది పరిమితి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు రూపొందించినప్పుడు దానికి "నల్గొండ టెక్నిక్" అనే పేరే పెట్టారు. ప్రపంచమంతా మన జిల్లా పేరు పుస్తకాల్లోకి ఎక్కింది ఇలా! మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వచ్చాక తాగే నీటి బాధ చాలావరకు తీరింది. దానికి 2015లో పైలాన్ వేసింది చౌటుప్పల్‌లోనే. కానీ పొలానికి ఇంకా లోతుకు తవ్వుతూనే ఉన్నాం. ఖర్చు లేని కరెంటు ఉన్నంతకాలం వెయ్యి అడుగుల బోరు కూడా గిట్టుబాటులాగే కనిపిస్తుంది. బోరు లారీ వాడికి కట్టిన అప్పు మాత్రం ఉచితం కాదు.

ఇక మీటర్లు. రాష్ట్రం అప్పు చేసుకునే పరిమితిని పెంచడానికి విద్యుత్ సంస్కరణల షరతు పెట్టి కేంద్రం మోటర్లకు మీటర్లు పెట్టమంది, మన రాష్ట్రం ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడం సబబే అనుకుంటాను. లక్షల మోటర్లకు మీటర్లు పెట్టి, చదివి, బాగు చేసే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? పైగా మీటరు వెనకే బిల్లు వస్తుందని రైతు భయపడటంలో తప్పు లేదు. అయితే లెక్కే వద్దనే మాట మాత్రం నేను ఒప్పుకోను. ఇప్పుడు వ్యవసాయ వాడకాన్ని కొన్ని శాంపిల్ ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గరి మీటర్ల రీడింగు నుంచి అంచనా కడతారు. అంచనా ఉన్నచోట దొంగ కరెంటూ, లైన్ లాసూ, పాత కండక్టర్ల వల్ల పోయేదీ అన్నీ "రైతు వాడాడు" అనే పద్దులో కలిసిపోవచ్చు. రాయితీల కింద ప్రభుత్వం ఏటా వేల కోట్లు కట్టాల్సి వస్తున్నప్పుడు అందులో నిజంగా పొలానికి చేరింది ఎంతో తేలాలి కదా. మోటరుకు వద్దు, ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒక మీటరు పెట్టండి. రైతుకు బిల్లు రాదు, సంస్థకు దాక్కునే చోటు ఉండదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఈ మాట పైవాళ్లకు పెద్దగా రుచించలేదు. ఎందుకో నువ్వే ఊహించుకో.

ఇక దామరచర్లలోని యాదాద్రి థర్మల్ ప్లాంటు గురించి. 2015 జూన్‌లో వీర్లపాలెం దగ్గర శంకుస్థాపన, 800 మెగావాట్ల యూనిట్లు (కరెంటు తీసే యంత్రాలు) ఐదు. తొలి యూనిట్‌ను ప్రారంభించింది 2024 డిసెంబర్‌లో. మధ్యలో 2022లో పర్యావరణ అనుమతిని మళ్లీ పరిశీలించాలని గ్రీన్ ట్రిబ్యునల్ అంది. 2024లో దాని మీద, ఛత్తీస్‌గఢ్ కరెంటు కొనుగోలు మీద, భద్రాద్రి ప్లాంటు మీద విచారణ కమిషన్ వేశారు. రాజకీయం సంగతి వదిలేసి ఇంజనీరింగ్ చూద్దాం.

సింగరేణి బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీయడానికి సుమారు 650 గ్రాముల బొగ్గు పడుతుంది. 800 మెగావాట్ల యూనిట్ ఒక రోజు పూర్తిగా నడిస్తే 1.92 కోట్ల యూనిట్లు, అంటే పన్నెండు వేల టన్నుల పైన బొగ్గు. గూడ్సు రేకు (ఒక పూర్తి రైలు) ఒకటి నాలుగు వేల టన్నులు తెస్తుందనుకుంటే రోజుకు మూడు రేకులు. ఐదు యూనిట్లూ నిండుగా నడిస్తే పదిహేను రేకులు. వాటిని గోదావరి ఒడ్డు నుంచి రెండు వందల కిలోమీటర్ల పైన లాక్కొచ్చి కృష్ణా ఒడ్డున దించాలి. ఆ బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే, అంటే బూడిదకు కూడా రైలు కిరాయి కడుతున్నాం. బొగ్గు గని పక్కన ప్లాంటు కట్టి తీగల మీద కరెంటు తెచ్చుకుంటే పోయేది మూడు నాలుగు శాతం. నన్ను అడిగితే ఇది రామగుండం, మంచిర్యాల వైపు ఉండాల్సిన ప్లాంటు. నల్గొండకు ఉద్యోగాలు వస్తాయన్నది నిజమే, కానీ ఆ మాటతో బొగ్గు బరువు తగ్గదు.

అలాగని కట్టినదాన్ని మూసేయమనేవాళ్లతోనూ నేను లేను. అప్పు తెచ్చి కట్టాం, నడిపినా నడపకపోయినా స్థిర చార్జీలు మన బిల్లులోకే వస్తాయి. పొద్దుగూకాక వచ్చే లోడ్‌కు ఇప్పటికిప్పుడు బొగ్గు లేకుండా కుదరదు కూడా. చిక్కు ఎక్కడంటే ఇంత పెద్ద యూనిట్‌ను మధ్యాహ్నం ఆపి సాయంత్రం లేపడం కుదరదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధన ప్రకారం లోడ్‌ను 55 శాతం దాకా దించి నడపగలగాలి, ముందు ముందు 40కి తేవాలి. దించిన కొద్దీ యూనిట్‌కు కాలే బొగ్గు పెరుగుతుంది, బాయిలర్ గొట్టాలు త్వరగా పాడవుతాయి. రాత్రి బోర్ల కోసం యూనిట్లన్నీ వేడిగా ఉంచి, పగలు సోలార్ వచ్చినప్పుడు సగానికి దించి కూర్చుంటే రెండు వైపులా నష్టం. రాత్రి బోర్లు పగటికి జరిగితే, అందులో ఒకటి రెండు యూనిట్లు ఏడాదిలో చాలా నెలలు నిద్రపోవచ్చు.

నీటి లెక్క కూడా చూడు. కొత్త ప్లాంట్లకు యూనిట్‌కు మూడు లీటర్లు మించొద్దన్నది నిబంధన. ఐదు యూనిట్లూ 85 శాతం లోడ్‌తో ఏడాది నడిస్తే దాదాపు మూడు టీఎంసీలు. ఆయకట్టు చివరి భూములకు నీళ్లందని జిల్లాలో ఇది చిన్న మాట కాదు.

పొగ సంగతి వార్తల్లో తక్కువగా వచ్చింది. బొగ్గు పొగలోని సల్ఫర్ డయాక్సైడ్‌ను తీసేసే ఎఫ్‌జీడీ యంత్రాలు ప్లాంట్లకు పెట్టాల్సి వచ్చేలా 2015 నిబంధనలు పరిమితి పెట్టాయి. 2025 జూలైలో కేంద్రం ఆ నిబంధనను సడలించి, పది లక్షల జనాభా దాటిన నగరాలకు, కాలుష్య జాబితాలోని ఊళ్లకు పది కిలోమీటర్ల అవతల ఉన్న ప్లాంట్లకు మినహాయింపు ఇచ్చింది. మన బొగ్గులో గంధకం తక్కువన్న వాదన అబద్ధం కాదు. కానీ ఆ వాయువు గాలిలో కొంతదూరం పోయాక సన్నటి సల్ఫేట్ ధూళిగా మారుతుంది, అది పది కిలోమీటర్ల దగ్గర ఆగదు. దేశంలో గాలి ప్రమాణాలు అందుకోలేకపోయిన ఊళ్ల జాబితాలో నల్గొండ పట్టణం పేరు ఇప్పటికే ఉంది. పైగా ఎఫ్‌జీడీకి కావాల్సింది సున్నపురాయి, దాన్నుంచి వచ్చేది జిప్సం. వాడపల్లి నుంచి హుజూర్‌నగర్, మేళ్లచెరువు దాకా సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలే. ముడిసరుకు పక్కనే, కొనేవాడూ పక్కనే. బూడిదను కూడా ఆ ఫ్యాక్టరీలే తీసుకుంటాయి, పీపీసీ అనే రకం సిమెంటులో 35 శాతం దాకా కలపొచ్చు. దేశంలో ఎక్కడ వదిలేసినా దామరచర్లలో మాత్రం ఎఫ్‌జీడీని వదిలేయడానికి నాకు ఒక్క కారణం కనిపించదు. మిర్యాలగూడ వాళ్లు ప్లాంటు వద్దని చేసే ధర్నాల కంటే ఈ ఒక్క యంత్రం నడుస్తోందా లేదా అని నెలనెలా ఆర్టీఐ వేస్తే ఎక్కువ ఫలితం.

యురేనియం ముచ్చట త్వరగా తేల్చేస్తాను. అణు విద్యుత్తుకు నేను వ్యతిరేకిని కాదు, రాత్రీ పగలూ ఒకే తీరుగా పొగ లేని కరెంటు ఇచ్చేది అది. లంబాపూర్, పెద్దగట్టు, అమ్రాబాద్‌లలో తవ్వడానికి మాత్రం వ్యతిరేకిని. ఈ రెండూ వేరువేరు విషయాలని మనవాళ్లకు చెప్పడం కష్టంగా ఉంది. యురేనియం తవ్వితే బాంబు పేలినట్టు పేలుతుందనడం తప్పు. అసలు భయం మిగిలే రాతి పిండి గురించి. టన్ను రాయి తవ్వితే వచ్చే యురేనియం కిలో అటూ ఇటూ. మిగతాదంతా రేడియంతో సహా టెయిలింగ్ పాండ్ అనే వ్యర్థాల చెరువులో పడుతుంది. రేడియం సగం కావడానికి 1,600 ఏళ్లు పడుతుంది. పెద్దగట్టు పక్కనే నాగార్జునసాగర్ జలాశయం, అమ్రాబాద్ అంటే పులుల అభయారణ్యం, చెంచుల ఇల్లు. ఇంధనం దిగుమతి చేసుకునే దారి మనకుంది, సాగర్ నీళ్లను దిగుమతి చేసుకోలేం. 2019 సెప్టెంబర్‌లో శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. దాని మీద గట్టిగా నిలబడితే చాలు.

ఇక చాలామంది మరిచిపోయే సంగతి. మనకు బ్యాటరీలు లేవు, సోలార్‌ను దాచుకోలేం అంటారు. శ్రీశైలం ఎడమ గట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరు, సాగర్‌లో 100.8 మెగావాట్లవి ఏడు. ఈ పదమూడూ రెండు వైపులా తిరిగేవే, నీటిని కిందికి వదిలి కరెంటు తీస్తాయి, కరెంటు ఇస్తే కింది నీటిని పైకి తోడతాయి. కలిపితే 1,600 మెగావాట్లు. మధ్యాహ్నం చవక కరెంటుతో తోడి సాయంత్రం వదిలితే నాలుగు యూనిట్లకు మూడు తిరిగొస్తాయి. రెండు రూపాయల సరుకు ఎనిమిదికి అమ్మే వ్యాపారంలో ఆ ఒక్క యూనిట్ నష్టం లెక్కలోది కాదు. అడ్డం ఏమిటంటే కింద నీళ్లు నిలవాలి, రెండు రాష్ట్రాలకు పడాలి. తోడిన నీరు ఎవరి వాటా అని కృష్ణా బోర్డు ముందు తగువు పడేకన్నా, తోడిన నీటిని మళ్లీ వదిలేదాకా ఎవరి లెక్కలోనూ రాయకుండా పక్కన పెడితే సరిపోతుంది. 2020 ఆగస్టులో శ్రీశైలం కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది పోయారు, వాళ్లలో నా తోటి ఇంజనీర్లూ ఉన్నారు. అలాంటి యంత్రాలను ఏడాదిలో కొన్ని వరద వారాలకే వాడుకోవడం చూస్తే మనసు కలుక్కుమంటుంది.

వానాకాలంలో మబ్బు పడితే పగటి కరెంటు ఎట్లా అని నువ్వు అడగొచ్చు. మబ్బులున్న నెలల్లోనే కృష్ణకు వరద వస్తుంది. జూరాల, శ్రీశైలం, సాగర్ తిరిగేది అప్పుడే. అయితే పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పంపులు కూడా నడవాల్సింది అప్పుడే. ఒక టీఎంసీని వంద మీటర్లు ఎత్తడానికి సుమారు 90 లక్షల యూనిట్లు పడతాయి. నార్లాపూర్‌లో ఒక్కో పంపు 145 మెగావాట్లు. మన పాలమూరుకు ఆ నీళ్లు రావాలనే నా కోరిక, వలస బస్సులు చూసి పెరిగినవాణ్ని. కానీ అంత ఎత్తుకు ఎక్కిన నీళ్లతో వరి పెడితే లెక్క ఎన్నటికీ తేలదు. వేరుశనగ, కంది, కూరగాయలు పెట్టాలి. అలా పండించిన వడ్లు బియ్యమై, బియ్యం ఇథనాల్ ఫ్యాక్టరీకి పోయి, పెట్రోల్‌లో కలిసి బండిలో కాలిపోవడం మాత్రం నా బుర్రకు ఎక్కదు. కిలో బియ్యానికి మూడు వేల లీటర్ల నీళ్లు పోసేది ఇందుకా? ఇథనాల్ ఫ్యాక్టరీలు వద్దంటున్న చిత్తనూరు, పెద్ద ధన్వాడ వాళ్ల కోపం వాసన గురించి, కలుషిత నీటి గురించి. నా కోపం ఈ లెక్క గురించి.

మరి పగటికి జరిపేది ఎట్లా? 2023లో కేంద్రం తెచ్చిన నిబంధనల్లో సోలార్ గంటల్లో చార్జీ కనీసం 20 శాతం తక్కువ ఉండాలన్నారు, వ్యవసాయాన్ని మాత్రం మినహాయించారు. ఎలాగూ ఉచితమే కాబట్టి రైతుకు ధరతో ఆశ చూపలేం. ఆశ చూపాల్సింది నాణ్యతతో. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా ఒక్క నిమిషం పోకుండా త్రీ ఫేజ్, ట్రాన్స్‌ఫార్మర్ కాలితే రెండు రోజుల్లో మార్చే పూచీ, ఊరి సబ్‌స్టేషన్ పక్కనే సోలార్. దీనికి ఒప్పుకున్న ఫీడర్ రైతులకు రాత్రి వాడకంలో మిగిలిన రాయితీ సొమ్ము నుంచి డ్రిప్పుకో, బత్తాయి తోటల షెడ్డుకో వాటా ఇవ్వాలి. ఒకటి రెండు మండలాల్లో చేసి చూపించండి. ముందే చెప్పకుండా కోత పెడితే మాత్రం సబ్‌స్టేషన్ ముందు బైఠాయింపులే, నేను చూడనివి కావు. గిరిజన పోడు భూములకు సోలార్ పంపులిచ్చే ఇందిర సౌర గిరి జల వికాసం 2025 మే నెలలో అమ్రాబాద్ మండలం మాచారంలో మొదలైంది. అక్కడి మోటరు ఎండలోనే తిరుగుతుంది కాబట్టి ఈ పద్ధతిలో రైతు నిలదొక్కుకుంటాడా లేదా అన్నది అక్కడే తెలుస్తుంది. నువ్వు ఉండేది దగ్గరే, పోయి చూసి రా.

ఇంటి పైన సోలార్ అయితే మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల కేంద్ర సబ్సిడీ ఉంది, రోజుకు పన్నెండు యూనిట్ల దాకా వస్తాయి. గృహజ్యోతి కింద 200 యూనిట్లు ఉచితంగా వచ్చే ఇల్లయితే తొందరపడకు, నీకు మిగిలేది ఏమీ ఉండదు. ఒక చేత్తో సోలార్ పెట్టుకోమనడం, ఇంకో చేత్తో పెట్టుకోవాల్సిన అవసరం లేకుండా చేయడం మన ప్రభుత్వాలకే చెల్లింది.

మీ నాన్న చెలక సంగతి. మెగావాట్‌కు నాలుగెకరాలు పడుతుంది కాబట్టి ఐదెకరాల్లో ఒక మెగావాట్ పెట్టొచ్చు. కంపెనీకి ఇచ్చే ముందు రైతుల సోలార్ కోసం కేంద్రం తెచ్చిన కుసుమ్ పథకం కింద మీరే, లేదా నలుగురు రైతులు కలిసి పెట్టుకోవచ్చేమో చూడండి. అర మెగావాట్ నుంచి రెండు మెగావాట్ల దాకా అవకాశం ఉంది, 33/11 కేవీ సబ్‌స్టేషన్‌కు ఐదు కిలోమీటర్ల లోపు భూమి అయితే మేలు. బ్యాంకు అప్పు మోయలేమనుకుంటే కిరాయే మంచిది. అప్పుడు అగ్రిమెంటులో కొన్ని రాయించుకో: ఒప్పందం 25 ఏళ్లకు పైనే ఉంటుంది కాబట్టి కిరాయి ఏడాదికేడాది ఎంత పెరుగుతుందో శాతంలో రాయాలి. ప్లాంటు కట్టినా కట్టకపోయినా సంతకం రోజు నుంచే కిరాయి మొదలవ్వాలి, ఎందుకంటే చాలామంది భూమిని కట్టేసుకుని ఏళ్లు ఊరుకుంటారు. నీ భూమి తాకట్టు పెట్టి కంపెనీ అప్పు తెచ్చుకోకూడదు. గడువు తీరాక పలకలు, కాంక్రీటు దిమ్మెలు తీసేసి ఇచ్చే ఖర్చు వాళ్లదే. భూమి మార్పిడి ఫీజు కూడా వాళ్లదే. చివరగా, పక్క పొలాల వాళ్లు పశువులతో నడిచే బాట కంచెలో కలిసిపోకుండా సర్వే చేయించి పటంలో గీయించు. సోలార్ కంచెల దగ్గర ఊళ్లలో వచ్చే గొడవల్లో సగం ఆ బాట కోసమే.